జాగిలం ఆగిన గడప

పల్లెలో దొంగతనం జరిగిందంటే పోలీసులకంటె ముందు ఊరంతా అక్కడికి చేరుతుంది. పగిలిన తాళాన్ని ఒకరు చేతిలోకి తీసుకుని చూస్తారు. మరొకరు బీరువా తలుపు తెరచి మూస్తారు. పోలీసు జాగిలం జీపు దిగే వేళకు వాకిట్లో దొంగ అడుగు ఒకటి ఉంటే ఊరివారి అడుగులు నూరు. అది కాసేపు తిరిగి రోడ్డుదాకా వెళ్ళి నిలిచిపోతే "ఇదేం కుక్క" అని నవ్వుతారు. ఎవరి గడప ముందైనా ఆగిందా, ఆ కుటుంబానికి ఊరు అప్పుడే శిక్ష వేసేస్తుంది. మొదటిది జాగిలానికి అన్యాయం, రెండవది మనిషికి. అమరచింత, ఆత్మకూరు, గద్వాల ప్రాంతాల ప్రజలు ముఖ్యంగా ఆలోచించవలసినది ఈ రెండవదాన్ని గురించే.

జాగిలానికి ఏమి నేర్పుతారో తెలిస్తే దాని నుంచి ఏమి ఆశించాలో తెలుస్తుంది. మన రాష్ట్రంలో ఈ శిక్షణ హైదరాబాదు శివార్లలోని మొయినాబాద్‌లో, ఇంటెలిజెన్స్ విభాగం అకాడమీలో జరుగుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, బెల్జియన్ మాలినోయిస్ వంటి జాతుల కూనలను నెలల వయసులోనే ఎంపిక చేస్తారు. ఎంపికలో చూసేది ఒడ్డూ పొడుగూ మాత్రమే కాదు. పెద్ద చప్పుడుకు బెదరని, కొత్త మనిషిని చూసి ముడుచుకుపోని, విసిరిన బంతి పొదలో పడినా వెతకడం మానని కూన కావాలి. ఆ బంతిమీది ఆశతోనే శిక్షణంతా సాగుతుంది. వెతకవలసిన వాసన దొరికినప్పుడల్లా బంతో, మెచ్చుకోలో దక్కుతుంది. కొట్టి నేర్పే విద్య కాదిది. సాధారణంగా ఒక్కో జాగిలానికి ఒక్కో విద్యే నేర్పుతారు. పేలుడు పదార్థాన్ని పసిగట్టిన జాగిలం మొరగదు, కాలితో గీకదు, చప్పుడు చేయక కూర్చుంటుంది. గీకితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 2016లో మద్యనిషేధం విధించిన బీహార్‌కు సారా వాసన పట్టే జాగిలాలను కూడా మొయినాబాద్‌లోనే తయారు చేశారు. మన పల్లెలకు అటువంటివి వస్తే వాటికి ఊపిరి సలపదేమో!

ఈ విద్యలో సగం హ్యాండ్లర్‌ది. కానిస్టేబుళ్ళలో జంతువులంటే ప్రేమ, ఓర్పు ఉన్నవారిని ఈ పనికి తీసుకుంటారు. కూనతోపాటు వారికీ నెలల తరబడి శిక్షణ ఉంటుంది. తిండి పెట్టడం, స్నానం చేయించడం, జ్వరమొస్తే రాత్రంతా కాపలా కాయడం అన్నీ వారివే. జాగిలం తోక నిలిపిన తీరు, తల తిప్పిన తీరు చూసి దాని మాటను చదవవలసినవాడు హ్యాండ్లరే. చదవడంలో తప్పు జరగవచ్చు. ఎండకూ వానకూ వాసన చెదిరిపోతుంది. ఆ ఇంటివాళ్ళ పిల్లవాడు పొద్దున అందరితోపాటు చూడడానికి వచ్చి వెళ్ళినా జాడ ఆ గడపకు చేరవచ్చు.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద ఎస్.ఎల్.బి.సి. సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మృతదేహాల జాడ తీసే జాగిలాలు కేరళ పోలీసుల నుంచి రావలసి వచ్చింది. నీరు, బురద, ఇనుప తుక్కు నిండిన ఆ చీకటిలో అవి గుర్తించిన చోట తవ్వగా మార్చి 9న ఒక మృతదేహం బయటపడింది. జాగిలం చోటు చూపింది, తవ్వి తేల్చినది మనుషులు. ఊళ్ళోనైనా దాని పని అంతవరకే.

న్యాయస్థానాలూ ఇదే చెబుతున్నాయి. 2001లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక హత్య కేసులో జాగిలం చూపిన జాడ బలహీనమైన సాక్ష్యమని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. జాగిలం బోనెక్కి సాక్ష్యం చెప్పలేదు, దానిని క్రాసు పరీక్ష చేయడానికీ వీలులేదు. దర్యాప్తుకు దారి చూపడం వరకే దాని ఉపయోగం. కోర్టు ఒప్పుకోనిదాన్ని పట్టుకుని రచ్చబండ తీర్పు చెప్పడం, ఆ ఇంటివారిని బోరు దగ్గరకు రానీయకపోవడం, కూలికి పిలవకపోవడం ఏ న్యాయం? అసలు దొంగ దొరికిన తర్వాత కూడా ఆ మచ్చ పోవడానికి ఏళ్ళు పడుతుంది.

జాగిలం వచ్చిన రోజున పోలీసు అధికారులు అక్కడే నాలుగు మాటలు చెప్పి వెళ్ళాలి. అది ఆగినంత మాత్రాన ఎవరూ దోషి కారని ఎస్.ఐ. నోట ఊరు వినాలి. నేరం జరిగిన చోట తాడు కట్టి జనాన్ని దూరంగా ఉంచే పని సర్పంచులు, వార్డు సభ్యులు వెంటనే చేయవచ్చు. పోలీసులు రాకముందు ఎవరెవరు లోపలికి వెళ్ళారో, ఏ వస్తువును తాకారో దాచకుండా హ్యాండ్లర్‌కు చెప్పాలి. సింగరేణి గనులు, నదులమీద ఇన్ని ప్రాజెక్టులు ఉన్న రాష్ట్రానికి మృతదేహాల జాడ తీసే జాగిలాలు మొయినాబాద్ నుంచే అందేలా ప్రభుత్వం ఏర్పాటు చేయవలసి ఉన్నది. దోమలపెంటలో ఆ జాగిలాలు సొరంగంలోకి దిగడానికి దాదాపు రెండు వారాలు పట్టింది.