ఒకే గదిలో పలు తీరుల చదువు

తరగతి గదిలో నలభైమంది పిల్లలుంటే ఉపాధ్యాయుని మాట నలభై విధాలుగా చేరుతుంది. ఒకడు విన్నంతనే గ్రహిస్తాడు. ఒకతె స్వయంగా చేసి చూస్తేగాని గ్రహించదు. మరొకనికి బోధనాభాషే కొత్త. ఈ వైవిధ్యం సహజమైనది. అయినప్పటికీ పాఠం అర్థం కానప్పుడు లోపాన్ని పిల్లవానియందే వెదకడం మనకు పరిపాటి. పాఠం చెప్పే తీరును పరీక్షించుకొనేవారు అరుదు.

అట్టి అరుదైనవారిలో గిడుగు వేంకట రామమూర్తిగారు (1863-1940) ఒకరు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా మనమెరిగిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న కాలంలో సవరభాష నేర్చుకొని, అందులో వాచకాలు రచించి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. తెలుగు రాని పిల్లలను మందబుద్ధులని తలచలేదు, పుస్తకాన్నే మార్చారు.

భాషాభేదం చెవికి తెలుస్తుంది. డిస్లెక్సియా అనే పఠనవైకల్యం అలా వెంటనే తెలియదు. తెలివితేటల కొరత దానికి కారణం కాదు. కథ వినిపిస్తే చక్కగా తిరిగి చెప్పగల బాలుడే, అదే కథను పుస్తకంలో చూచి చదవవలసి వచ్చినప్పుడు 'ప'కూ 'వ'కూ, 'మ'కూ 'య'కూ మధ్య తడబడతాడు. ఒత్తు వచ్చినచోట ఆగిపోతాడు. తోటివారు నవ్వుతారు. 'మొద్దు' అన్న పేరు స్థిరపడుతుంది. కొంతకాలానికి ఆ పేరును అతడూ నమ్ముతాడు. నా దృష్టిలో వైకల్యం కంటె ఈ నమ్మకమే ఎక్కువ హాని చేస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఇట్టి అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. పిల్లలలో వాటిని వీలైనంత ముందుగా గుర్తించి తోడ్పడాలని ఆ చట్టం నిర్దేశించింది. పరీక్షలో అదనపు సమయం, లేఖకుని సహాయం కూడ అందులోనివే. ఇతరులకు లేని ఈ సౌకర్యం వీరికెందుకని కొందరంటారు. కళ్ళద్దాలు పెట్టుకొని పరీక్ష వ్రాసేవానిని చూచి మాత్రం ఎవరూ అలా అనరు! రాయితీలు అవసరమే. కాని పదవతరగతి పరీక్షనాడు లభించే అదనపు సమయం, రెండవతరగతిలో లభించని ఓర్పుకు బదులు కాజాలదు.

ఒక్క ఉపాధ్యాయుడు ఇందరిని ఎట్లు గమనించగలడని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ప్రాథమిక పాఠశాలలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. అది అమలుకాని చోట ఉపాధ్యాయుని నిందించడం తగదు. అయితే కొన్ని మార్పులకు ధనం అక్కరలేదు. నల్లబల్లపై వ్రాసినదాన్ని బిగ్గరగా చదవడం, సిద్ధంగా లేని పిల్లవానిని అందరి యెదుట చదవమని నిర్బంధించకపోవడం, వ్రాయలేనివాని జవాబును నోటితో చెప్పనివ్వడం - వీటికి ఏ ప్రభుత్వోత్తర్వు కావాలి? అక్షరాలు సరిగా కనబడక, ఆ మాట చెప్పడానికి జంకి, వెనుక బెంచీలో ఊరకుండిపోయే పిల్లలకు సైతం మొదటి పద్ధతి ఉపకరిస్తుంది.