రుజువు కాని హాని, లేని హాని ఒకటేనా?

"హోమియో మాత్రకు గుణం ఉందని రుజువు లేదు, కాబట్టి ఒప్పుకోం" అనే మన మిత్రులే "ఈ అల్లోపతీ మందు గుండెకు చేటని ట్రయల్‌లో రుజువు కాలేదు, కాబట్టి భయం లేదు" అంటుంటే నాకు నవ్వొస్తుంది. అక్కడ రుజువు భారం అమ్మేవాడి మీద పెట్టాం. ఇక్కడ మింగేవాడి నెత్తిన పెడుతున్నాం!

గుండె కింది గదులు విద్యుత్తుతో ఉత్తేజితమై మళ్ళీ మామూలు స్థితికి రావడానికి పట్టే కాలం ఈసీజీలో క్యూటీ వ్యవధిగా కనబడుతుంది. మందు దాన్ని మరీ సాగదీస్తే లయ తప్పి మనిషి హఠాత్తుగా పోవచ్చు. అది కనిపెట్టడానికి తరచు క్రాసోవర్ ట్రయల్ చేస్తారు. ఒకే మనిషికి ఒక విడతలో మందు, మరో విడతలో ఉత్తుత్తి మాత్ర, మధ్యలో మందు ఒంట్లోంచి పోయేదాకా విరామం. ఎవరికి ఏది ముందో లాటరీ తేలుస్తుంది. ఎవరి లెక్క వారితోనే పోల్చుకుంటాం కాబట్టి కొద్దిమందితోనే చిన్న తేడా కూడా దొరుకుతుంది.

దొరకాలనే ఉద్దేశం ఉంటేనే సుమా! సగటున క్యూటీ 5 మిల్లీసెకన్లు పెరిగింది, ప్రామాణిక దోషం 4 అనుకోండి. పి విలువ 0.21 వస్తుంది. "గణనీయమైన తేడా లేదు" అని రాసేయొచ్చు. అదే మందును నాలుగు రెట్ల మందిపై పరీక్షిస్తే, సగటు అదే వచ్చినా, దోషం 2కు తగ్గి పి విలువ 0.012 అవుతుంది. ఇప్పుడు "తేడా ఉంది" అనాలి. అంటే పని ఎంత నాసిగా చేస్తే మందు అంత మంచిదన్నమాట! ఒకే మనిషి రెండు విడతల కొలతల్ని జత విడదీసి, ఇద్దరు వేర్వేరు మనుషులవిగా లెక్కేసినా సాధారణంగా ఇదే లాభం.

2005 నాటి ఐసీహెచ్ ఈ14 మార్గదర్శకం ప్రశ్ననే తిరగేసింది. పెరుగుదల 10 మిల్లీసెకన్ల లోపేనని కంపెనీయే చూపాలి. ఏకపక్ష 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ పై అంచు 10 దాటకూడదు. పై ఉదాహరణలో చిన్న ట్రయల్ అంచు 11.6, తప్పింది. పెద్దదాని అంచు 8.3, నెగ్గింది. తీర్పు తలకిందులైంది, చూశారా? పైగా క్యూటీని కాస్త సాగదీస్తుందని ముందే తెలిసిన మాక్సిఫ్లాక్సాసిన్‌ను కూడా సాధారణంగా ఒక విడతలో ఇస్తారు. తెలిసిన దొంగనే పట్టలేని పోలీసు ఊళ్ళో దొంగలు లేరంటే ఎవరు నమ్ముతారు?

ఇది చదివి ప్రకృతి వైద్యులు చంకలు గుద్దుకోనక్కర్లేదు. మీ చూర్ణాలకు కూడా ఇదే పరీక్ష చేయించి తీసుకురండి, మాట్లాడుకుందాం.

సగటు ఒక్కటే చూసినా చాలదు. టెర్ఫినడిన్ అనే ఎలర్జీ మందు మామూలు మోతాదులో క్యూటీని సగటున 6 మిల్లీసెకన్లే పెంచేది. కీటోకొనజోల్‌తో కలిపి వేసుకుంటే కాలేయం దాన్ని విరగ్గొట్టలేక, రక్తంలో పేరుకుపోయేది. 1998లో అమెరికా మార్కెట్ నుంచి తీసేసేలోపు దానివల్ల పోయినవాళ్ళెవరూ సగటు మనుషులు కారు.