తాబేలుకు దారివ్వండి

కోస్టారికా పసిఫిక్ తీరంలోని ఒస్తియోనల్‌లో 2015 సెప్టెంబరులో జరిగింది సిగ్గుపడాల్సిన సంగతి. గుడ్లు పెట్టేందుకు వేలాదిగా ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు సందర్శకుల గుంపులు అడ్డుపడ్డాయి. ఫొటోల కోసం కొందరు పిల్లల్ని వాటి వీపుల మీద కూర్చోబెట్టారు. చాలా తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే వెనుదిరిగాయి.

అదే దేశపు కరీబియన్ తీరాన, వర్షారణ్యం కడలిని తాకే టోర్టుగెరోలో పద్ధతి వేరు. 1975 నుంచి అది జాతీయ ఉద్యానం. తాబేళ్లు వచ్చే కాలంలో చీకటి పడ్డాక గైడు లేనిదే ఇసుకలో అడుగు పెట్టనివ్వరు. ఫొటోలు తీయకూడదు. తల్లి తాబేలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టేదాకా దూరంగా నిలబడాలి. ఆ తర్వాతే చిన్న గుంపు దగ్గరికెళ్తుంది. ఒకప్పుడు తాబేళ్లను వేటాడిన ఊరు ఇప్పుడు వాటిని చూపించి బతుకుతోంది. అడవీ తీరమూ నిలిస్తేనే గైడుకూ పడవవాడికీ పూట గడుస్తుంది.

ఆలివ్ రిడ్లేలు మన కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌కూ వస్తాయి. ఏటా జనవరి నుంచి మార్చి దాకా మరబోట్ల వలల్లో చిక్కి, ఊపిరాడక చనిపోయినవి మన తీరానికి కొట్టుకొస్తూనే ఉన్నాయి. సముద్రంలో వేట నిషేధమేమో ఏప్రిల్ 15న గానీ మొదలవదు! తాబేళ్లు తప్పించుకునే పరికరం వలకు ఉందో లేదో రేవులోనే తనిఖీ చేయాలి. బీచ్ రిసార్టులకు అనుమతిచ్చేటప్పుడే, గుడ్లు పెట్టే నెలల్లో తీరాన రాత్రి దీపాలు ఆర్పాలనీ, ఇసుక మీద వాహనాలు తిప్పకూడదనీ షరతు రాయాలి. టోర్టుగెరోలా ఇక్కడా తాబేళ్లను చూపించే ఏర్పాటు చేస్తే, గైడు కొలువులు ముందుగా మత్స్యకార యువతకే దక్కాలి.