నలుగురు కూడి చూచు పటము



బడులు తెఱచిన కొలది దినములకే మన యిండ్లలో నొక క్రొత్త సందడి మొదలగును. "అమ్మా, రేపటికి చార్టు కావాలి" అని బిడ్డలు సాయంకాలమున వచ్చి చెప్పుదురు. తల్లి వంటయిల్లు సర్దుకొని కూర్చుండి, ప్రొద్దుపోవువఱకు రంగులు దిద్ది, అంచులు కత్తిరించి, ముత్యములవంటి యక్షరములతో పేరు వ్రాసి యిచ్చును. మఱునాడు పటము బడిగోడ నెక్కును. ఉపాధ్యాయులు మెచ్చుకొందురు. పిమ్మట దానివంక చూచువారుండరు. తల్లి నేర్పు వెల్లడియైనది. బిడ్డకు మంచిపేరు వచ్చినది. తరగతిలోని తక్కిన బిడ్డలకు దానివలన నేమి తెలిసినదని యడిగినచో మాత్రము బదులు లేదు. పటము అలంకారమా, పనిముట్టా? పనిముట్టే యైనచో, నలుగురు బిడ్డలు కూడి చదువుకొనుటకు అది యెట్లుండవలెను? ఈ నెల మీతో ముచ్చటింప దలచిన విషయ మిదియే.

బొమ్మతో పాఠము చెప్పుట నేటి సంగతి కాదు. 1658లో కొమీనియసు అను విద్యావేత్త న్యూరెంబర్గు నగరమున పిల్లలకొఱకు సచిత్ర గ్రంథము నొకదానిని వెలువరించెను. బొమ్మలోని యొక్కొక్క వస్తువునకు ఒక అంకె. ప్రక్కనున్న వాక్యములో ఆ వస్తువు పేరు చెంత నదే యంకె. చూపునకును మాటకును ముడివేసిన యీ చిన్న యుపాయము నేటి పాఠ్యపుస్తకములలోను కానవచ్చుచున్నది.

మనయింటి సంపదయు తక్కువది కాదు. తెలంగాణమున చేర్యాల నకాషీ చిత్రకారుల పటములను మీలో కొందఱు చూచియే యుందురు. ఖాదీ బట్టకు చింతగింజల జిగురును సుద్దమట్టియు పట్టించి, ఎఱ్ఱని నేలమీద కథను వరుసగా చిత్రింతురు. కథకులు ఆ పటమును ఊరి నడుమ కొంచెము కొంచెముగా విప్పుచు కథ చెప్పెడివారు. ఇందలి మర్మమును గమనింపుడు. కథ యంతయు నొక్కమాఱు చూపరు. తరువాతి బొమ్మ చుట్టలోనే దాగియుండును. చూచువారికి "పిమ్మట నేమి?" యను ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టిన తావుననే మాటయు పుట్టును.

కూడి చదువుటకు పనికివచ్చు పటమునకు మొదటి లక్షణ మిదియే. అన్నియు తానే చెప్పివేయు పటము బిడ్డను ఒంటరిగా కూర్చుండబెట్టును. కొంత చెప్పి కొంత దాచిన పటము బిడ్డలను ఒకరివైపొకరిని త్రిప్పును. 1971లో అమెరికాలోని ఆస్టిను నగరపు బడులలో తెల్లవారి బిడ్డలను, నల్లవారి బిడ్డలను, మెక్సికో సంతతి బిడ్డలను ఒక్క తరగతిలో కూర్చుండబెట్టగా వైరములు చెలరేగెను. అప్పుడు ఎలియటు ఆరన్‌సను అను మనశ్శాస్త్రవేత్త పాఠమును ముక్కలు చేసి, బిడ్డ కొక ముక్క వంతున పంచి, ఎవరి ముక్కను వారే తక్కినవారికి నేర్పునట్లు ఏర్పఱచెను. ఎదుటివాని ముక్క లేనిదే తనకు పాఠము పూర్తి కాదు. కావున ఎదుటివాని మాట వినక తప్పదు. నీతివాక్యములు బోధింపకయే, పాఠపు కూర్పే ఆ పని చేసినది.

దీనిని మన పల్లెకు తగినట్లు చేసిన యొక పటమును గూర్చి చెప్పెదను. మావారు మూడవ తరగతికి నీటిపారుదల పాఠము చెప్పవలసి యుండగా, ఒక పెద్ద అట్టమీద నేను ఊరి చెఱువును వ్రాసి నాలుగు ముక్కలుగా కోసితిని. మొదటిదానిలో చెఱువుగట్టు, తూము, రెండవదానిలో పంటకాలువ, మూడవదానిలో తూము దాపునున్న మళ్లు, నాలుగవదానిలో కాలువ చివరి మళ్లు. కాలువ గీత మాత్రము ఒక ముక్క యంచునుండి మఱియొక ముక్క యంచునకు సాగును. నలుగురు బిడ్డలకు తలకొక ముక్క. తన ముక్కను చూపక, మాటలతో వర్ణింపవలెను. అందఱు చెప్పిన పిమ్మట ముక్కలు కలిపి, ఈ ప్రశ్నకు బదులు చెప్పవలెను: "చెఱువు సగమే నిండిన యేట ఎవరి పైరు ముందుగా ఎండును? ఎండకుండుటకు ఏమి చేయవచ్చును?"

ఏ యొక్క ముక్కలోను దీనికి బదులు లేదు. నాలుగును కలిసినగాని తేలదు. ఒక జట్టులో ముగ్గురు బాలురు "పైరన్నియు నొక్కసారియే యెండును" అని వాదించుచుండిరి. నాలుగవ ముక్క ఒక బాలిక చేత నున్నది. ఆమె తరగతిలో నోరు విప్పుట యరుదు. వారి మడి కాలువ చివర నున్నది. తల్లితో గూడ తండ్రికి సద్దిమూట కొనిపోవుచు, మీది మళ్లు తడిసి తమ మడి బీటలు వారుట కన్నులార చూచినది. "మాకు నీళ్లు ఆఖరున వస్తాయి" అని యామె పలికినది. బాలురు వాదము మాని వినిరి. పిమ్మట వంతులవారిగా నీరు పెట్టుకొనవలెనను తీర్మానమునకు నలుగురును వచ్చిరి. ఆ బాలికకు తెలిసిన సంగతి పుస్తకములో లేదు. ఆ నాలుగవ ముక్క ఆమె చేత బడకున్నచో అది తరగతికి చేరియుండెడిది కాదు.

ఇట్టి ప్రయత్నములు మనదేశమున పెద్దయెత్తుననే జరిగినవి. బ్రిటిషు ప్రభుత్వపు సాయముతో 1980ల దశకమున ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ప్రాథమిక విద్యా పథకము, జట్టులుగా పని చేయించుటయు, బిడ్డలు చేసిన పనినే గోడలపై ప్రదర్శించుటయు తన సూత్రములలో చేర్చుకొన్నది. మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రమువారు, పలు తరగతుల బిడ్డలు ఒక్క గురువు నెదుట కూర్చుండు పల్లెబడులకై, పాఠములన్నిటిని చిన్న చిన్న కార్డులుగా విడదీసి ఒక నిచ్చెన పటము కూర్చిరి. బిడ్డ గోడనున్న నిచ్చెనమీద తన మెట్టును తానే వెదకికొని, అచ్చటి గుర్తుబొమ్మను బట్టి కార్డు తీసికొని తగిన జట్టులో కూర్చుండును. గురువు చెంత చదువువా రొక జట్టు. తోడివారితో నేర్చుకొనువా రొక జట్టు. తమంతట తాము చేసికొనువా రొక జట్టు. కన్నడదేశపు ఉపాధ్యాయులు దీనిని చూచిపోయి, 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో "నలి-కలి" యను పేర ఇట్టి పద్ధతిని నెలకొల్పిరి. ఆడుచు నేర్చుకొనుమని దాని భావము. 2003లో చెన్నపట్టణపు కార్పొరేషను బడులును ఈ మార్గము పట్టినవి. అచ్చట గోడల క్రిందిభాగమున బిడ్డల యెత్తునకే నల్లబల్లలు అమర్చిరి. ఏకోపాధ్యాయ పాఠశాలలు పెక్కులున్న మననాట ఇది ముచ్చట కొఱకు కాదు. గురువు ఒక తరగతికి చెప్పునపుడు తక్కిన తరగతుల బిడ్డలు ఊరక కూర్చుండకుండుటకు వలసిన సాధనము.

ఇక మనము చేయదగిన పని. పటమునకు వెల హెచ్చు సామగ్రి యక్కఱలేదు. పాత క్యాలెండరు వెనుకవైపును, అట్టపెట్టెల పలకలును చాలును. కొన్ని నియమములు మాత్రము పాటింపుడు.

పటము గోడకంటె నేలమీద మేలు. ముగ్గు చుట్టు కూర్చుండినట్లు నలుగురును చుట్టు కూర్చుండవలెను. అక్షరము లన్నియు ఒకవైపుననే వ్రాసినచో ఎదుటనున్న బిడ్డకు తలక్రిందగును. కావున పేళ్లను నాలుగు దిక్కులకు త్రిప్పి వ్రాయుడు. పేరు వస్తువు చెంతనే యుండవలెను. క్రింద పట్టిక వ్రాసి వెదకింపరాదు. పాఠమునకు సంబంధింపని పూలతీగలు, నెమళ్లు వలదు. ఇట్టి యలంకారములు కన్నును పాఠమునుండి తప్పించునని రిచర్డు మేయరు అను పండితుని పరిశోధనలు తెలుపుచున్నవి. కొందఱు బిడ్డలకు, విశేషముగా బాలురకు, ఎఱుపు పచ్చల భేదము కానరాదు. కావున గుర్తులను రంగుతోనేకాక ఆకారముతో గూడ వేఱుపఱుపుడు. బిడ్డలు తామే వ్రాయుటకు కొంత తావు ఖాళీగా విడువుడు. బొమ్మలో నీరు మోయునది ఎల్లప్పుడు ఆడుదియు, పుస్తకము పట్టునది ఎల్లప్పుడు మగవాడును గాకుండ చూడుడు.

ఇన్నియు చేసినను ఒక చిక్కు మిగులును. జట్టులో చొఱవగలవా డొకడు కలము లాగికొని, తానే వ్రాసి, తానే చెప్పును. తక్కినవారు, అందును ఆడపిల్లలు, రంగులందించుచు కూర్చుందురు. అది కూడి చదువుట కాదు, కూడి కూర్చుండుట మాత్రమే. దీనికి నాలుగు చిన్న కార్డులు మందు. ఒకదానిమీద నోరు, ఒకదానిమీద చెవి, ఒకదానిమీద కలము, ఒకదానిమీద ప్రశ్నగుర్తు వ్రాయుడు. నోరు కలవాడు చెప్పును; చెవి కలది విన్నదానిని తిరిగి పలుకును; కలము కలవాడు వ్రాయును; ప్రశ్న కలది "ఎందుకు?" అని యడుగును. దినదినము కార్డులు మార్చుకొనవలెను. వారము తిరుగునప్పటికి నోరు రాని బిడ్డ యుండరాదు.

తరగతిలో ఇంత మాట పుట్టిన అల్లరి యగునని కొందఱు పెద్దలు శంకింతురు. నిజమే, చప్పుడు హెచ్చును. కాని పటముమీద వ్రేలుంచి "కాదు, కాలువ ఇటు పోతుంది" అని వాదించు బిడ్డ అల్లరి చేయుట లేదు, చదువుచున్నాడు. ఆ భేదము బడిచెంత నొక్క ఘడియ నిలిచి విన్నవారికి తెలియగలదు.

కావున సోదరీమణులారా, ఇకమీద మీ బిడ్డ చార్టు కావలెనని యడిగినపుడు, రంగులు తీయకముందే "దీనిని ఎందఱు చూతురు? చూచి ఏమి చేయుదురు?" అని యడుగుడు. వీలైనచో ఉపాధ్యాయునితోను ఆ మాటయే యాడుడు. బొమ్మ వంకరగా నున్నను కొఱత లేదు. నలుగురు దానిచుట్టు చేరి, ఇంతవఱకు పలుకని బిడ్డ యొక్కటి పలికిన చాలును. మీరు మేలుకొన్న రాత్రి సార్థకమగును.