భజన బృందానికి కేంద్రం గ్రాంటు వస్తుందా?

మీ ఊరి భజన బృందం హార్మోనియం బాగుచేయించడానికి డబ్బు కోసం చూస్తోందా? కేంద్ర సాంస్కృతిక శాఖ వారి ‘కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్’ మీద ఆ ఆశ పెట్టుకోవద్దు. సంగీతోత్సవాలు, వర్క్‌షాపుల వంటి వాటికి దాని కింద మామూలుగా రూ.5 లక్షల వరకు ఇస్తారు. ఇచ్చేది కార్యక్రమానికి, అదీ రిజిస్టరైన సంస్థకే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేయించుకోవచ్చు. అదేమంత కష్టం కాదు. చిక్కంతా ఆ తర్వాతే: ‘ఎన్జీవో దర్పణ్’ పోర్టల్‌లో నమోదు, ఆడిట్ చేయించిన లెక్కలు, ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రం. చందాలు పోగేసి శ్రీరామనవమికి పాడే పదిమందికి ఆడిటర్ ఫీజే బరువు. చిన్న మొత్తాలకైనా పంచాయతీ ధ్రువీకరణతో సరిపెట్టొచ్చు కదా! అయినా ప్రయత్నిద్దామనుకుంటే చందా రసీదులు, మైకుసెట్టు బిల్లులు ఇప్పటినుంచే దాచండి.