రెండు పెళ్ళిళ్ళు, ఒక క్యాసెట్

ఈ వారం మా ఇంటి తగవు ఒకటి మీ ముందు పెడుతున్నాను. తీర్పు మీరే చెప్పాలి. అయితే అందరి వాదనలూ విన్నాకే సుమండీ!

తెనాలిలో మా అమ్మా నాన్నగారూ ఉంటున్న ఇల్లు ఖాళీ చేసి, వాళ్ళని హైదరాబాదు తీసుకొచ్చేద్దామని మొన్నామధ్య వెళ్ళాను. అటక మీది సామాను దింపుతుంటే బిందెలు, గంగాళాలు దిగాక చివర్లో ఒక ట్రంకు పెట్టె దిగింది. మూత తీస్తే ఇంకేముంది, సినిమాలే సినిమాలు! 41 వీడియో క్యాసెట్లు, రెండు వందల పైచిలుకు వి.సి.డి.లు, ఓ అరవై డి.వి.డి.లు. అంతా నాన్నగారి ముప్పై ఏళ్ళ ఆస్తి.

"ఇందులో ఒక్కటి కూడా పారెయ్యడానికి వీల్లేదు" అన్నారు నాన్నగారు.

సామాను సర్దడానికి వచ్చిన మా బాబాయి కూతురు ఇంజనీరింగు మూడో సంవత్సరం. అది ఫకాలున నవ్వింది. "పెదనాన్నా! ఇవన్నీ ఫోన్లో ఉన్నాయి. పాత సామాన్ల వాడికి వేసేస్తే అటకా ఖాళీ, మనమూ ఖాళీ!"

నేను ఇద్దరి మాటా ఒప్పుకోలేదు. నా జేబులో నలభై వేలున్నాయి. ఆర్నెల్లు రాసిన రాతలకి వచ్చిన డబ్బు. ఎప్పట్నించో ఒక కోరిక... మంచి 4కె ప్లేయరు కొని, పాత సినిమాలన్నీ కొత్త డిస్కుల్లోకి మార్చేసుకోవాలని.

"మార్చడం నీకు కొత్తా?" అంది వంటింట్లోంచి అమ్మ. "ఒక్క మాయాబజారుకే మీ నాన్న ఎన్నిసార్లు డబ్బు పోశారో అడుగు."

నిజమే! టి.వి.లో వస్తే క్యాసెట్ మీద పట్టారు. తర్వాత వి.సి.డి. కొన్నారు. ఆ తర్వాత డి.వి.డి. కొన్నారు. మూడింట్లోనూ అదే ఘటోత్కచుడు, అవే గారెలు. ఇప్పుడు నాలుగోసారి నా వంతు.

మీలో చాలామంది క్యాసెట్ మొహం కూడా చూసి ఉండరు. అందుకని ఆ వంశవృక్షం కాస్త చిత్తగించండి. ఇళ్ళల్లో వాడిన వి.హెచ్.ఎస్. క్యాసెట్ 1976లో జపానులో పుట్టింది. వి.సి.డి. ప్రమాణం 1993లో వచ్చింది. ఒక డిస్కులో 74 నిమిషాలే పడతాయి గనుక 184 నిమిషాల మాయాబజారుకి మూడు డిస్కులు! రెండో డిస్కు పెట్టడానికి లేచినవాడే మంచినీళ్ళు కూడా తేవాలన్నది మా ఇంటి చట్టం. డి.వి.డి. 1996లోనూ, బ్లూ రే 2006లోనూ, 4కె డిస్కు 2016లోనూ వచ్చాయి.

బొమ్మ అంటే చుక్కల ముగ్గు అనుకోండి. వి.సి.డి. బొమ్మలో దాదాపు లక్ష చుక్కలు. డి.వి.డి.లో నాలుగు లక్షల పైన. బ్లూ రేలో 20 లక్షల 73 వేలు. 4కె అయితే 82 లక్షల 94 వేలు! లక్ష ఎక్కడ, ఎనభై లక్షలు ఎక్కడ? ఈ లెక్క చెప్పేసరికి నాన్నగారు కూడా కాస్త మెత్తబడ్డారు.

కానీ ఇక్కడే ఉంది కిటుకు. చుక్కలు పెరిగినంత మాత్రాన బొమ్మ పెరగదు. ఆ చుక్కలు ఎక్కడి నుంచి తెచ్చారన్నదే ప్రశ్న. మన పాత చిత్రాలన్నీ 35 ఎం.ఎం. ఫిల్ము మీద తీసినవి. ఒరిజినల్ నెగెటివ్‌ని శుభ్రం చేసి కొత్తగా స్కాన్ చేస్తే, వీడియో క్యాసెట్లో ఎప్పుడూ కనిపించని చీర అంచులు కూడా కనిపిస్తాయి. అలా కాకుండా, పది ఊళ్ళు తిరిగి గీతలు పడ్డ ప్రింటు నుంచో, పాత టేపు నుంచో తీసిన దాన్నే 4కె చేశామంటే అది వట్టి చుక్కల లెక్కే. నీళ్ళ మజ్జిగ పెద్ద గిన్నెలో పోస్తే పెరుగవుతుందా?

ఇంకో సంగతి. కొత్తది ఎప్పుడూ పూర్తిది కాదు. పాతది ఎప్పుడూ పూర్తిది కాదు. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. అంత వెడల్పు బొమ్మని పాత టి.వి. చదరంలో నిండుగా పట్టించాలంటే రెండు పక్కలా కొయ్యాలి. లెక్క వేస్తే బొమ్మలో నూటికి 43 వంతులు గాలికి పోతాయి! స్కోప్ సినిమాలు అలా కోసిన క్యాసెట్లలో చూసి, "ఆహా, ఏం తీశారు!" అనుకున్న తరం మాది. అలాంటి సినిమాలకి పూర్తి వెడల్పుతో కొత్త డిస్కు వస్తే కొనాల్సిందే.

దీనికి తిరగేసిన కథ మాయాబజారుది. 1957లో అది దాదాపు చదరపు తెర కోసం తీసిన నలుపు తెలుపు చిత్రం. 2010లో హైదరాబాదు సంస్థ ఒకటి దానికి రంగులద్ది, డి.టి.ఎస్. శబ్దం చేర్చి, సినిమాస్కోప్‌గా మార్చి విడుదల చేసింది. అందరం వెళ్ళాం, ఈలలు వేశాం. కానీ చదరపు బొమ్మని వెడల్పు తెరకి నింపాలంటే పైనా కిందా కొంత వదులుకోక తప్పదు. మార్కస్ బార్‌ట్లే వెలుగునీడలు కూర్చిన చట్రాన్ని ఉన్నదున్నట్టు చూడాలంటే మా నాన్నగారి పాత నలుపు తెలుపు డిస్కే దిక్కు.

"అందుకే ఒక్కటీ పారెయ్యొద్దన్నాను" అన్నారాయన గెలిచినట్టుగా.

ఇక మా చెల్లెలి వాదన. ఫోన్లో అన్నీ ఉన్నాయట! ఉన్నాయి... ఉన్నన్నాళ్ళూ ఉంటాయి. హక్కుల గడువు తీరిన మర్నాడు ఉండవు. నెలనెలా కట్టేది అద్దె, ఇల్లు మనది కాదు. 2022లో 'ఆర్.ఆర్.ఆర్.' వచ్చినప్పుడు ఏమైంది? ప్రపంచమంతా చూసిన నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ మాటలు, తెలుగులో వినాలంటే జీ5! సొంత సినిమా సొంత భాషలో ఏ గుమ్మంలో ఉందో వెతుక్కున్నాం. అంతకన్నా పెద్ద మాట... మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 నాటిది. ఇవాళ చూద్దామంటే ప్రింటే లేదు. ఎవరో ఒకరు దాచి ఉంటారులే అని అందరూ అనుకుంటే జరిగేది అదే.

అంతా బాగానే ఉంది గానీ, నా వాదనకీ ఒక చిల్లు పడింది. 4కె ప్లేయరు కొన్నాననుకోండి, అందులో వెయ్యడానికి తెలుగు డిస్కులేవీ? మన సినిమాల్లో బ్లూ రే దాకా వచ్చినవే తక్కువ. కొత్త ప్లేయరు పాత డి.వి.డి.లు ఆడిస్తుంది. వి.సి.డి.లైతే అన్ని ప్లేయర్లూ ఆడించవు. నలభై వేలు పోసి, 34 రూపాయలకి కొన్న డి.వి.డి. చూడాలన్నమాట! (నవ్వకండి. 2007 ప్రాంతాల్లో మోజర్ బేర్ వారు వి.సి.డి. 28 రూపాయలకీ, డి.వి.డి. 34 రూపాయలకీ అమ్మారు. ఆ ట్రంకు పెట్టె సగం నిండింది ఆ పుణ్యాన్నే.)

ఇలా ముగ్గురం మూడు దిక్కులు చూస్తుండగా పెట్టె అడుగున ఒక క్యాసెట్ కనబడింది. మీద నీలం సిరాతో 'చిన్నత్త పెళ్ళి, 1996' అని ఉంది. దాన్ని కొట్టేసి కింద 'మాయాబజార్' అని రాసి ఉంది.

మా వంశంలో ఇదొక మహాభారతం. అత్తయ్య పెళ్ళి క్యాసెట్ మీద సినిమా పట్టేశారు. ఆ పని చేసింది బాబాయేనని అందరి నమ్మకం. అత్తయ్య కూడా అలాగే నమ్మి ప్రతి సంక్రాంతికీ అందరికీ అరిసెలు పంపి బాబాయికి మాత్రం ఎగ్గొట్టేది. వేళాకోళంగా మొదలైన కోపం ఇరవై ఏళ్ళు దాటింది.

ఊళ్ళో టి.వి.లు బాగుచేసే పెద్దాయన దగ్గర పనిచేసే వి.సి.ఆర్. ఒకటుంటే అద్దెకి తెచ్చాం. వి.సి.ఆర్.లు చేస్తున్న చివరి కంపెనీ, జపానులోని ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. ఇక ఉన్నవి పాడైతే అంతే. ఆయన ప్రతి క్యాసెట్ రేకూ ఎత్తి లోపల టేపు చూశాడు. ఆరింటికి తెల్లటి బూజు పట్టింది. "ఇవి శుభ్రం చెయ్యకుండా వేస్తే మిషను హెడ్డు పోద్ది బాబూ" అని పక్కన పెట్టాడు. పెళ్ళి క్యాసెట్ మాత్రం బాగానే ఉంది.

వేశాం. బొమ్మ కాసేపు ఊగి నిలబడింది. పందిరి, అరటి బోదెలు, సన్నాయి. ఉన్నట్టుండి మా నాయనమ్మ! 2004లో పోయిన మనిషి, తెర నిండా నిలబడి కెమెరా కుర్రాణ్ణి కసురుతోంది. "ఆ లైటు నా మొహాన కొడతావేం నాయనా, పెళ్ళికూతురు అటుంటే!"

నాయనమ్మ ఫోటోలు మా ఇంట్లో బోలెడున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు. అమ్మ చేతిలో చాట కింద పెట్టేసి వచ్చి కూర్చుంది.

22 నిమిషాలు నడిచింది. జీలకర్ర బెల్లం అయింది. పంతులుగారు మాంగల్యం చేతికిచ్చారు. అంతే... బొమ్మ గిర్రున తిరిగి, తెర మీద 'మాయాబజార్' అని పడింది! చెల్లెలు పడీ పడీ నవ్వింది. క్యాసెట్ నిడివి 180 నిమిషాలు. అందులో 22 పెళ్ళికి పోగా, మధ్యలో ప్రకటనలు కూడా పడ్డాయేమో, శశిరేఖ పెళ్ళి రాకముందే టేపు అయిపోయింది. అంటే ఆ క్యాసెట్లో రెండు పెళ్ళిళ్ళున్నాయి. రెండూ పీటల మీదే ఆగిపోయాయి!

బయటికి తీశాక చెల్లెలు దాన్ని తిప్పి తిప్పి చూస్తూ, "ఇక్కడ సెలోటేపు ఎందుకంటించారు?" అంది. క్యాసెట్ వీపున చిన్న పలక ఉంటుంది. అది విరగ్గొడితే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. పెళ్ళి క్యాసెట్ కాబట్టి ఫోటోగ్రాఫరే విరగ్గొట్టి ఇచ్చాడు. ఆ సందు మీద సెలోటేపు అంటిస్తే మళ్ళీ రికార్డవుతుంది. అంటే ఎవరో తెలిసే చేశారు. బాబాయికి టి.వి. ఆన్ చెయ్యడం కూడా సరిగ్గా రాదు!

ముగ్గురం నాన్నగారి వైపు చూశాం.

"నేనే అంటించాను" అన్నారాయన కాసేపాగి. "ఆ ఆదివారం ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. మీ నాయనమ్మేమో మాయాబజార్ పట్టమని ఒకటే గోల. 'పెళ్ళయిపోయిందిగా, మళ్ళీ ఎవరు చూస్తారు, దాని మీద పట్టు' అంది. కాస్త ముందుకి తిప్పి పట్టాను. తర్వాత అందరూ తమ్ముణ్ణి అంటుంటే... నోరు రాలేదు."

ఏం చెయ్యమంటారు చెప్పండి?

నేను చేసింది చెబుతాను. ఆ నలభై వేలతో 4కె ప్లేయరు కొనలేదు. సినిమా క్యాసెట్లు పోగా ఇంటి క్యాసెట్లు తొమ్మిది తేలాయి. బూజు పట్టినవాటిలో రెండు వాటిలోవే. అన్నీ శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఇచ్చాను. హైదరాబాదు దుకాణంలో కుర్రాడు "అదనంగా ఇస్తే 4కె చేసిస్తాం సార్" అన్నాడు. వద్దన్నాను. టేపులో ఉన్నంత వస్తే చాలు, లేనిది పుట్టించొద్దు. మాయాబజార్ భాగం కూడా చెరపొద్దన్నాను. కాపీలు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి బాబాయి ఇంట్లో. హార్డ్ డిస్కు కూడా చిరంజీవి ఏం కాదు.

సినిమాల సంగతికొస్తే, మార్చాలా వద్దా అనేదానికి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఇది మనకి తప్ప ఇంకెవరికీ లేనిదా? అయితే ముందు దాన్ని కాపాడు. కొత్త డిస్కు నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేసిందా, బొమ్మ కొయ్యకుండా ఇచ్చారా? అయితే కొను. ఊరికే అట్ట మీద 4కె అని ఉందా? జేబులో చెయ్యి తియ్యకు. మిగతా డబ్బు అలాంటి డిస్కుల కోసం దాచాను. ప్లేయరు ఎక్కడికీ పోదు. టేపు మీది గొంతు పోతుంది.

నాన్నగారు స్వయంగా అత్తయ్యకి ఫోన్ చేసి నేరం ఒప్పుకున్నారు. అవతలి నుంచి చాలాసేపు మాట రాలేదట. తర్వాత, "అమ్మ గొంతుందా అందులో?" అని మాత్రం అడిగిందట. ఈ సంక్రాంతికి అరిసెల పార్శిలు బాబాయి పేర వచ్చింది. మా ఇంటికి రాలేదు!

తగవు మాత్రం ఇంకా మిగిలే ఉంది. వేరే మంచి కాపీ దొరికే వి.సి.డి.లు ఓ నూట యాభై ఉన్నాయి. అవి ఇచ్చెయ్యాలంటాను నేను. అట్ట పెట్టెల మీద బొమ్మలు బాగున్నాయంటారు నాన్నగారు. ప్రస్తుతం అవి హైదరాబాదులో నా మంచం కిందున్నాయి. తీర్పు మీదే. ఈలోగా మీ ఇంటి అటక కూడా ఒకసారి ఎక్కి చూడండి. క్యాసెట్ కనబడితే ముందు వీపున సెలోటేపు ఉందేమో చూసుకోండి!