పని ఆమెది, పేరు ఎవరిది?

జంతుశాస్త్రం చదివిన ఏ అమ్మాయినైనా అడగండి, పిండాభివృద్ధి పాఠంలో 'స్పీమన్, మాంగోల్డ్‌ల ప్రయోగం' గుర్తుందంటుంది. ఆ మాంగోల్డ్ ఆడమనిషా, మగమనిషా అని అడగండి. చాలామంది ఆలోచనలో పడతారు. 'వారు కనుగొన్నారు' అనే మన గౌరవవాచకం ఒక స్త్రీని ఎంత మర్యాదగా మాయం చేస్తుందో! సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ప్రయోగం కంటే ముందు ఆ వాక్యమే కంట్లో పడింది.

హిల్డే 1898లో జర్మనీలో పుట్టింది. ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో హాన్స్ స్పీమన్ దగ్గర పరిశోధక విద్యార్థిని. మాంగోల్డ్ అనేది పెళ్లితో వచ్చిన పేరు. స్పీమన్ అంతకుముందే న్యూట్ అనే ఉభయచర జీవి గుడ్డును పసిబిడ్డ వెంట్రుకతో నడిమికి బిగించి ఒకే గుడ్డు నుంచి కవలల్ని రాబట్టాడు. 1921, 22లలో హిల్డే ఇంకో అడుగు ముందుకేసింది. లేతరంగు న్యూట్ పిండంలోంచి చిన్న ముక్క తీసి, ముదురురంగు పిండానికి పొట్టవైపు అతికించింది. ఆవగింజంత పిండాలు, యాంటీబయాటిక్స్ లేని రోజులు. వందల పిండాల్లో చాలావరకు చచ్చిపోయాయి. బతికిన కొద్దిపాటి పిండాల్లో పొట్టకు అతుక్కుని రెండో శరీరం పెరిగింది, తనదైన వెన్నుతో, తనదైన నాడీనాళంతో. అంటే అవిభక్త కవలలు! రంగుల తేడా మరో సంగతి చెప్పింది. ఆ రెండో నాడీనాళంలో ఎక్కువ భాగం అతికించిన ముక్క నుంచి వచ్చింది కాదు, దానికి చోటిచ్చిన పిండం కణాలే అలా మారాయి.

ఇది ఆమె థీసిస్. 1924లో పత్రంగా అచ్చయినప్పుడు మొదటి పేరు స్పీమన్‌ది. తోటి మగ విద్యార్థుల థీసిస్‌లు వాళ్ల పేర్లతోనే వచ్చాయనీ, ఈ ఏర్పాటు హిల్డేకి నచ్చలేదనీ సహవిద్యార్థి విక్టర్ హాంబర్గర్ తర్వాత రాశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఇంట్లో స్టవ్ పేలి, కాలిన గాయాలతో హిల్డే చనిపోయింది. పసివాడి తల్లి. ఇరవయ్యారేళ్లు కూడా నిండలేదు. 'స్టవ్ పేలింది' అంటే మనకు వెంటనే అనుమానమొస్తుంది. అది ప్రమాదమే. కానీ ప్రయోగశాల నుంచి వచ్చిన పరిశోధకురాలికి కూడా వంటిల్లు తప్పలేదు. 1935లో నోబెల్ స్పీమన్ ఒక్కడికే దక్కింది. చనిపోయినవారికి నోబెల్ ఇవ్వరు, నిజమే. పాఠ్యపుస్తకానికి ఆ నిబంధన లేదు కదా?

ఆ ముక్కకు పెట్టిన పేరు చూడండి: 'ఆర్గనైజర్'. ఆజ్ఞాపించేవాడు ఒకడు, లోబడే పదార్థం ఒకటి. బీజం మగవాడిది, క్షేత్రం ఆడదానిది అన్న మన పాత మాటకు ఇది ఎంత దగ్గర! 1990లలో నోగిన్, కార్డిన్ వంటి ప్రోటీన్లు దొరికాక కథ మారింది. పై పొర కణాలు చర్మం కావాలని బీఎంపీ అనే సంకేతం చెబుతుంది. ఆర్గనైజర్ చేసే ముఖ్యమైన పని ఆ సంకేతాన్ని అడ్డుకోవడం. అడ్డుకుంటే చాలు, ఆ కణాలు నాడీకణాలవుతాయి. శక్తి వాటిలోనే ఉంది. స్త్రీవాదానికి ప్రకృతి సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదు. పేరు పెట్టేవాళ్ల ఊహలు విజ్ఞానంలోకి ఎలా జొరబడతాయో చూడమంటున్నాను, అంతే.

ఎక్కడో జర్మనీ గొడవ మనకెందుకంటారా? హబ్సిగూడలో ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది. అక్కడ ఈగ పిండంలో ఏ భాగం ఎక్కడ ఏర్పడాలో నిర్ణయించే జన్యువులపై పరిశోధన జరిగింది. అక్కడి నుంచి మలుపు తిరిగి నాచారం బస్తీల్లోకి వస్తే, కడుపుతో ఉన్న పిల్లకు జంట అరటిపండు పెట్టొద్దంటారు, కవలలు పుడతారని. ఇద్దరూ ఆడపిల్లలే పుడితే 'దాని కడుపే అంత' అంటారు. ఒకేలా ఉండే కవలలు ఒక్క అండం చీలడం వల్ల వస్తారు. ఆ చీలిక మొదటి రెండు వారాల్లోనే, ఆమెకు నెల తప్పకముందే, జరిగిపోతుంది. ఆడో మగో తేల్చేది తండ్రి వీర్యకణం. వీటిలో ఆమె చేసిన తప్పేమిటి?

ఇంతకంటే కోపం తెప్పించేది ఇంకొకటి. బిడ్డ నాడీనాళం ఫలదీకరణ జరిగిన ఇరవై ఎనిమిది రోజులకల్లా మూసుకుంటుంది. ఫోలిక్ ఆమ్లం ముందే అందితే నాడీనాళ లోపాలను చాలావరకు నివారించవచ్చు. గర్భం తేలాక చేతిలో పెట్టే మాత్ర ఈ పనికి తరచూ ఆలస్యమైపోతుంది. ఈ మాట పెళ్లికి ముందే ప్రతి ఆడపిల్లకూ చెప్పాల్సింది. ఎవరు చెబుతున్నారు? బిడ్డకు లోపం వచ్చాక మాత్రం గ్రహణంలో బయట తిరిగిందని ఆమెనే అంటారు.

పని ఆమెది, పేరు ఆయనది. లోపం తేలితే మాత్రం పేరూ ఆమెదే. ప్రయోగశాలలోనూ పురిటి గదిలోనూ లెక్క ఒక్కటే.

పాఠాలు చెప్పే, పుస్తకాలు రాసే మనమంతా ఒక పని చేద్దాం. ఇకనుంచి 'హిల్డే మాంగోల్డ్ కనుగొన్నది' అని పూర్తి పేరుతో, స్త్రీలింగంలో రాద్దాం. మన దగ్గర పరిశోధన చేసే అమ్మాయిల పత్రాల మీద మన పేరు ముందు పెట్టకుండా ఉందాం. ఈ రెండోది కొంచెం కష్టం. అందుకే మొదలుపెట్టాలి.